పాత ల్యాప్‌టాప్‌లోని తెలుగు డీటీపీ కొత్త ల్యాప్‌టాప్‌కి: తరచుగా అడిగే ప్రశ్నలు

డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కట్టే పనికి, వాడే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లూ కీబోర్డూ ఇచ్చే అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి లాంటివి ఏళ్ల తరబడి నడుస్తున్న పాత ల్యాప్‌టాప్ మీ దగ్గర ఉంది. కీబోర్డులో రెండు మీటలు పడవు, ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది. అయినా శుభలేఖలు, కరపత్రాలు, బడి సావనీర్లు, ఎవరో పెద్దాయన రాసుకున్న శతకం అన్నీ అందులోనే ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు, లేదా కొనబోతున్నారు. నేను కంపోజింగ్ చేసుకుని బతికినవాణ్ని. నాది మార్చుకున్నాను, తోటి ఆపరేటర్లవీ చాలా మార్చిపెట్టాను. ఆ పనిలో వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి.

పాత ల్యాప్‌టాప్ ఇంకా ఆన్ అవుతోంది. మొదట ఏం చేయాలి?

దాంట్లో కొత్తగా ఏమీ వేయకండి, ఏమీ తీసేయకండి. హార్డ్ డిస్కులో ఉన్నదంతా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి. "నాకు కావలసినవి డి డ్రైవ్‌లోనే ఉన్నాయి" అనుకుని సి డ్రైవ్‌ను వదిలేయొద్దు. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, ఫాంట్లు అన్నీ సి లోనే ఉంటాయి. ఆ కాపీకి ఇంకో కాపీ తీసి వేరే చోట పెట్టండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి కీబోర్డు మార్చమని ల్యాప్‌టాప్‌ను ఒక సర్వీసు షాపులో ఇచ్చాను. వాళ్లు కీబోర్డు మార్చి, "స్లోగా ఉంది కదా" అని విండోస్ కూడా కొత్తగా వేసి ఇచ్చారు. ఒక మాస్టారి వ్యాస సంపుటి అందులో ఉంది, రెండో ప్రూఫ్ దిద్దిన దశలో. నా దగ్గర మిగిలింది ఎర్ర సిరా గీతలున్న మొదటి ప్రూఫ్ కాగితాలే. అది మొత్తం మళ్లీ కొట్టాను.

కాపీ అవుతున్నంతసేపూ ఫోన్‌తో ఫొటోలు తీయండి. ప్రతి ప్రోగ్రాంలో హెల్ప్ మెనూ కింద అబౌట్ నొక్కితే వెర్షన్, చాలాసార్లు సీరియల్ నంబర్ కనిపిస్తాయి. ఫాంట్ల మెనూ పొడవునా, కీబోర్డు మేనేజర్‌లో (తెలుగు టైపింగ్ నడిపే ప్రోగ్రాం) మీరు వాడే లేఅవుట్, అంటే మీటల అమరిక, ప్రింటర్ సెట్టింగులు, మీ మామూలు పేజీ కొలతలు కూడా తీయండి. తర్వాత "పాతదాంట్లో ఎలా ఉండేది?" అన్న ప్రశ్న కనీసం పదిసార్లు వస్తుంది.

కొత్తగా కొన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పాతదాంట్లోని విండోస్ ఎక్స్‌పీలో తెరుచుకోవట్లేదు.

అది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. ఎక్స్‌పీకి విడిగా అప్‌డేట్ వేస్తే తప్ప ఆ ఫార్మాట్ తెలియదు. డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడే కొత్త ల్యాప్‌టాప్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి, రెండింట్లోనూ తెరుచుకుంటుంది. ఫ్యాట్32 కూడా పనిచేస్తుంది కానీ 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు.

రెండు ల్యాప్‌టాపులకూ కేబుల్ కలిపి నెట్‌వర్క్‌లో పంపుదామని కూర్చోకండి. ఎక్స్‌పీ వాడే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిని ఇప్పటి విండోస్ భద్రత కోసం ఆపేసి ఉంచుతుంది. డ్రైవ్‌తో మోసుకెళ్లడమే తేలిక.

ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌ను ఎత్తి కొత్తదాంట్లో పెడితే సరిపోదా?

సరిపోదు. ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అయినప్పుడు తన ఫోల్డర్‌లోనే కాకుండా విండోస్ రిజిస్ట్రీలో, సిస్టమ్ ఫోల్డర్లలో కూడా ముక్కలు ముక్కలుగా సర్దుకుంటుంది. ఫోల్డర్ ఒక్కటీ తెస్తే ఆ ముక్కలు వెనకే ఉండిపోతాయి. అందుకని అసలు సీడీ నుంచో సెటప్ ఫైలు నుంచో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. అయినా పాత ఫోల్డర్ కాపీ దగ్గర పెట్టుకోండి. మీరు చేసుకున్న టెంప్లేట్లు, ప్రింటర్ల వివరాలుండే పీపీడీ ఫైళ్లు, డిక్షనరీలో చేర్చిన మాటలు అందులో దొరుకుతాయి.

సీడీ ఉంది, కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు.

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తెచ్చుకోండి, ఎవరినైనా అడిగి తెచ్చుకున్నా చాలు. లేదా పాత ల్యాప్‌టాప్‌లోనే సీడీని ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే సీడీ మొత్తానికి నకలైన ఒకే ఫైలుగా, మార్చుకోండి. విండోస్ 8 నుంచి ఐఎస్‌ఓ మీద రెండుసార్లు నొక్కితే సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది. డ్రైవ్ ఉన్నా సరే ఐఎస్‌ఓ తీసి పెట్టుకోమంటాను. సీడీలు గీతలు పడి, పైపూత లేచి పాడవుతాయి. సీరియల్ నంబర్ కవరు మీద ఉంటే దాన్నీ ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో వేయండి.

సెటప్ నొక్కితే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అంటోంది. ప్రోగ్రాం పాడైందా?

పాడవలేదు. 1990ల్లో వచ్చిన చాలా ప్రోగ్రాములు 16-బిట్‌వి. 64-బిట్ విండోస్ వాటిని నడపదు. విండోస్ 11కి 32-బిట్ ఎడిషనే లేదు కాబట్టి అక్కడ దారి పూర్తిగా మూసుకుపోయింది. కొన్నిటి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ప్రోగ్రాం 32-బిట్‌దే, నడవగలిగినదే, దాన్ని ఇన్‌స్టాల్ చేసే సెటప్ మాత్రం 16-బిట్‌ది. సీడీ మీద తర్వాతి వెర్షన్ సెటప్ ఏమైనా ఉందేమో చూడండి. లేకపోతే కింద చెప్పిన వర్చువల్ మెషిన్ ఒక్కటే మార్గం.

పేజ్‌మేకర్ 7 విండోస్ 11 మీద నడుస్తుందా?

నడుస్తుంది, కొంచెం బుజ్జగించాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ దాన్ని పక్కనపెట్టి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది కనుక కొత్త విండోస్‌కి తగ్గట్టు దిద్దేవాళ్లు లేరు. నేను చేసే వరస ఇది.

సెటప్ మీద కుడి బటన్ నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. ఇన్‌స్టాల్ అయ్యాక పేజ్‌మేకర్ ఐకాన్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కి వెళ్లి, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకోండి. కింద "ఈ ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు" అన్నదానికి టిక్ పెట్టండి. ఎక్స్‌పీ రోజుల్లో ప్రోగ్రాములు తమ సొంత ఫోల్డర్‌లోనే సెట్టింగులు రాసుకునేవి. ఇప్పటి విండోస్ ఆ ఫోల్డర్‌ను తాళం వేసి ఉంచుతుంది. ప్రతిసారీ సెట్టింగులు మొదటికొస్తున్నాయంటే కారణం సాధారణంగా ఇదే.

కొత్త ల్యాప్‌టాప్ తెర మీద టూల్‌బాక్స్ చీమ తలంత కనిపిస్తే, అదే ట్యాబ్‌లో "చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్" తెరిచి ఓవర్‌రైడ్ టిక్ చేసి "సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)" ఎంచుకోండి. అక్షరాలు కాస్త మసకగా ఉంటాయి కానీ కళ్లకు అందుతాయి.

మూడోది ప్రింటర్. దీన్ని మరచిపోయి తలబాదుకున్నవాళ్లను చూశాను. పేజ్‌మేకర్ పేజీని ప్రింటర్ లెక్కలోనే సర్దుతుంది. డీఫాల్ట్ ప్రింటర్ లేకపోతే మొరాయిస్తుంది, ప్రింటర్ మారితే పేజీలో సర్దుబాటు మారే ప్రమాదం ఉంది. విండోస్ సెట్టింగుల్లో ప్రింటర్ల దగ్గర "నా డీఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్‌నే చూసుకోనివ్వు" అన్నదాన్ని ఆపేసి, మీ ప్రింటర్‌ను మీరే డీఫాల్ట్‌గా పెట్టండి.

హెల్ప్ మెనూ తెరుచుకోకపోతే కంగారు పడకండి. ఆ రోజుల నాటి హెల్ప్ ఫైళ్లను చదివే ప్రోగ్రాం ఇప్పటి విండోస్‌లో లేదు.

ఫాంట్లు ఇన్‌స్టాల్ చేశాను. వర్డ్‌లో ఉన్నాయి, పేజ్‌మేకర్‌లో లేవు.

నన్ను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగింది ఇదే, జవాబు చిన్నది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, ఫాంట్ మీద మామూలుగా "ఇన్‌స్టాల్" నొక్కితే అది ఆ యూజర్‌కు మాత్రమే పడుతుంది. అలా పడినవాటిని పాత ప్రోగ్రాములు చూడలేవు. వాటిని తీసేసి, ఫాంట్లన్నీ ఎంచుకుని కుడి బటన్ నొక్కి "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" ఎంచుకోండి. పేజ్‌మేకర్‌ను మూసి తెరవండి.

ఒక్కోసారి పాత ఫోల్డర్‌లో టీటీఎఫ్ ఫైళ్లు ఉండవు. పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం జంటలు ఉంటాయి. అవి టైప్ 1 ఫాంట్లు. అడోబీ తన కొత్త ప్రోగ్రాముల్లో వాటిని 2023 జనవరి నుంచి ఆపేసింది. అదే కంపెనీ టీటీఎఫ్ ఫాంట్ల సెట్ మీ సీడీలో ఉందేమో వెతకండి.

పాత ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఫైలు పోయినట్టేనా?

పోలేదు, నిబ్బరంగా ఉండండి. పాత డీటీపీ ఫాంట్లు ఎలా పనిచేస్తాయో తెలిస్తే భయం పోతుంది.

పాత ఫాంట్ దృష్టిలో "క" అనే అక్షరం లేదు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఒక గడిలో తలకట్టు లేని క, ఇంకో గడిలో తలకట్టు, మరో గడిలో కొమ్ము, వేరే గడిలో ఒత్తు. మీరు "క్క" అని కొడితే కీబోర్డు మేనేజర్ ఆ ముక్కలను ఏరి పక్కపక్కన పేరుస్తుంది. ఫైల్లో నిజంగా దాగేది ఆ గళ్ల నంబర్లే. ఫాంట్ ఉంటే అది తెలుగు. ఫాంట్ లేకపోతే అదే నంబర్లు పైన చుక్కలు, గీతలు ఉన్న రోమన్ అక్షరాలై కనిపిస్తాయి. సరైన ఫాంట్ ఇస్తే ఒక్క క్షణంలో తెలుగు తిరిగొస్తుంది.

"సరైన" అన్న మాట మీద నిలబడండి. ఒక కంపెనీ ఫాంట్‌తో కొట్టినదానికి ఇంకో కంపెనీ ఫాంట్ పెడితే కుదరదు, గళ్ల అమరిక వేరు. ఒకే కంపెనీలో కూడా వెర్షన్ మారితే కొన్ని గళ్లు మారొచ్చు. అలాంటప్పుడు నూటికి తొంభై అక్షరాలు బాగానే ఉండి, ఎక్కడో ఒక ఒత్తు మాయమవుతుంది. మొత్తం గజిబిజిగా ఉన్నదాని కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే కంటికి ఆనదు. ఒకసారి ఒక శుభలేఖలో "చిరంజీవి లక్ష్మి" అన్నచోట క్ష కింద మ ఒత్తు ఎగిరిపోయింది. పెళ్లికూతురి పేరు "లక్షి" అయి కూర్చుంది. అచ్చు ప్లేటుకు వెళ్లేముందు వాళ్ల మేనత్త చూసి చెప్పబట్టి ఆగింది.

అందుకే పేజ్‌మేకర్ "ఈ ఫాంట్ లేదు, బదులు ఏది వాడమంటారు?" అని అడిగినప్పుడు ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోకండి. పేరు రాసుకోండి, రద్దు చేయండి, ఫాంట్ వెతికి వేసి మళ్లీ తెరవండి. బదులు ఫాంట్‌తో తెరిచి సేవ్ కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

బొమ్మలన్నీ బూడిద రంగు పెట్టెలుగా కనిపిస్తున్నాయి.

పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను తనలో దాచుకోదు, అవి ఉన్న చోటును గుర్తుపెట్టుకుంటుంది. పాతదాంట్లో బొమ్మలు డి డ్రైవ్‌లో ఉండేవి. కొత్త ల్యాప్‌టాప్‌లో సి ఒక్కటే ఉంది. దారి తెగింది.

పాత ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తుంటే ముఖ్యమైన ఫైళ్లను అక్కడే తెరిచి, సేవ్ యాజ్‌లో "ఆల్ లింక్డ్ ఫైల్స్" ఎంచుకుని కొత్త ఫోల్డర్‌లోకి సేవ్ చేయండి. బొమ్మలు కూడా ఆ ఫోల్డర్‌లోకే వచ్చి చేరతాయి. అంత ఓపిక లేనన్ని ఫైళ్లుంటే, కొత్తదాంట్లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సి నుంచి కొంత చోటు తీసి డి డ్రైవ్ చేయండి. పాత డి లో ఫోల్డర్లు ఏ పేర్లతో ఉన్నాయో అవే పేర్లతో అందులో పెట్టండి. పేజ్‌మేకర్ దేన్నీ అడక్కుండా తెరుస్తుంది.

వన్‌డ్రైవ్ గురించి ఒక హెచ్చరిక. కొత్త విండోస్ చాలాసార్లు డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్స్‌ను వన్‌డ్రైవ్ కిందకు జరిపేస్తుంది. దాంతో ఫైళ్ల దారి మారిపోయి లింకులు తెగుతాయి. డీటీపీ పనిని ఆ ఫోల్డర్లలో పెట్టకండి.

కీబోర్డు మేనేజర్ పనిచేయట్లేదు. తెలుగు టైపింగ్‌లో నాకు యాపిల్ అనే లేఅవుట్ తప్ప వేరేది రాదు.

మీ బాధ నాకు తెలుసు. వేళ్లకు పట్టిన లేఅవుట్‌ను మార్చుకోమనడం చేతిరాతను మార్చుకోమన్నట్టే. ముందు మేనేజర్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. పేజ్‌మేకర్ అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తూ మేనేజర్ మామూలుగా నడుస్తుంటే, విండోస్ దాని మీటలను పేజ్‌మేకర్‌కు చేరనివ్వదు. రెండూ ఒకే హోదాలో నడవాలి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరతాయి.

ఇక లాకు. కొన్ని ప్యాకేజీలు డాంగిల్‌తో వచ్చాయి, అంటే ల్యాప్‌టాప్‌కు తగిలిస్తేనే ప్రోగ్రాం నడిచే తాళంచెవి లాంటి ముక్కతో. అది యూఎస్‌బీ డాంగిల్ అయితే ఏ కంపెనీదో దాని మీదే రాసి ఉంటుంది. సెంటినెల్, హాస్ప్ పేర్లున్న చాలావాటికి 64-బిట్ డ్రైవర్లు దొరుకుతాయి, సీడీలోని పాత డ్రైవర్ వేయకండి. పాత పద్ధతిలో ప్రింటర్ పోర్టుకు తగిలించే వెడల్పాటి డాంగిల్ అయితే కష్టమే. బజారులో దొరికే యూఎస్‌బీ-ప్యారలల్ కేబుళ్లు ప్రింటర్ల కోసం చేసినవి, వాటికి డాంగిల్ తగిలిస్తే ప్రోగ్రాం గుర్తుపట్టదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంకా నడుస్తుంటే బిల్లు, డాంగిల్ చూపించి కొత్త వెర్షన్ అడగండి.

పాత డ్రైవర్‌ను విండోస్ సెక్యూరిటీలోని "మెమరీ ఇంటెగ్రిటీ" అడ్డుకుందని కొందరు దాన్ని ఆపేస్తారు. మీ బ్యాంకు పనులు కూడా అదే ల్యాప్‌టాప్‌లో జరుగుతుంటే ఆపొద్దనే నా సలహా.

పీడీఎఫ్ తీయడం కుదరట్లేదు.

పేజ్‌మేకర్ 7తో పాటు వచ్చిన, పీడీఎఫ్ చేసిపెట్టే డిస్టిలర్ 64-బిట్ విండోస్‌లో సరిగా కుదురుకోదు. ఇంట్లో చూసుకోవడానికి "మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్" చాలు. ప్రెస్సుకు పంపాలంటే ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ వేసుకుని, "ప్రింట్ టు ఫైల్" కొట్టి, వచ్చిన పీఎస్ ఫైలును ఘోస్ట్‌స్క్రిప్ట్‌తో పీడీఎఫ్ చేయండి. ఘోస్ట్‌స్క్రిప్ట్ ఉచితం. వచ్చిన పీడీఎఫ్‌లో ఫాంట్లన్నీ "ఎంబెడెడ్" అని ఉన్నాయో లేదో ప్రాపర్టీస్‌లో చూశాకే పంపండి.

ఇవేవీ కుదరలేదు. ఇంకేమైనా దారి ఉందా?

ఉంది, గట్టి దారే. కొత్త ల్యాప్‌టాప్ లోపల పాత ల్యాప్‌టాప్‌ను బతికించడం. దీన్నే వర్చువల్ మెషిన్ అంటారు. ఒరాకిల్ వాళ్ల వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో 32-బిట్ విండోస్ ఎక్స్‌పీనో విండోస్ 7నో వేసి, లోపల పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు మేనేజర్ వేసుకుంటే పాత రోజుల్లో ఎలా ఉండేదో అలాగే నడుస్తుంది. యూఎస్‌బీ డాంగిల్‌ను కూడా డివైసెస్ మెనూ నుంచి లోపలి మెషిన్‌కు అప్పగించొచ్చు. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, ఎక్స్‌పీకి 1 జీబీ ఇచ్చినా ఎక్కువే.

పాత ల్యాప్‌టాప్‌ను ఉన్నదున్నట్టు ఎత్తుకురావాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. నడుస్తున్న విండోస్‌ను మొత్తంగా ఒక పెద్ద ఫైలుగా మారుస్తుంది. దాన్ని వర్చువల్‌బాక్స్‌కు డిస్కుగా తగిలించాలి. మొదటిసారి నీలం తెర వచ్చి ఆగిపోతే, ఆ డిస్కును సాటా కంట్రోలర్ నుంచి తీసి, డిస్కులు తగిలించే పాత పద్ధతి అయిన ఐడీఈ కంట్రోలర్‌కు తగిలించండి. ఎక్స్‌పీకి సాటా డ్రైవర్ తెలియకపోవడమే చాలాసార్లు దానికి కారణం.

లైసెన్సు సంగతి కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు ఆ ల్యాప్‌టాప్‌కే చెందుతుంది. కొత్తదాంట్లోకి తెస్తే మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. విడిగా పెట్టెలో కొన్న విండోస్ అయితే లైసెన్సును కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చు.

లోపలి మెషిన్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కి 2020 జనవరిలో ఆగిపోయాయి. సెట్టింగుల్లో నెట్‌వర్క్ అడాప్టర్‌ను ఆపేసి, ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఇచ్చిపుచ్చుకోండి. అన్నీ సర్దాక ఆ మెషిన్ ఫోల్డర్‌కు ఒక కాపీ తీయండి. ఎప్పుడు ఏం చెడినా కాపీ పెట్టుకుంటే పని మొదలవుతుంది.

పాత పనినంతా యూనికోడ్‌లోకి మార్చుకోవాలా?

శుభలేఖలకు అక్కర్లేదు. పుస్తకాలకు, వ్యాసాలకు, పద్యాలకు మాత్రం తప్పకుండా మార్చండి. ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు మార్చినా, గళ్ల నంబర్లలో ఉన్న తెలుగు ఆ ఫాంట్ ఉన్నంతకాలమే తెలుగు. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ప్రతి అక్షరానికీ ఒకే నంబరు ఉండే పద్ధతి. అందులో తెలుగుకు 1991 నుంచే చోటుంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంట్ వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. మనం పని చేసుకునేది పేజ్‌మేకర్‌లో కాబట్టి పాత దారిలోనే ఉండిపోయాం. ఆ రోజుల్లో కంపోజ్ అయిన స్థానిక చరిత్రలు, చిన్న పత్రికలు, సొంత ఖర్చుతో వేసుకున్న కవితా సంపుటాలు ఎన్నో ఆపరేటర్ల హార్డ్ డిస్కుల్లోనే మిగిలాయి. వెతుకుదామన్నా దొరకవు, ఫోన్‌లో చదువుదామన్నా కుదరదు. అవి మన చేతుల మీదుగా వెళ్లినవి కాబట్టి వాటిని బయటికి తెచ్చే బాధ్యత కూడా మనదేనని నేను నమ్ముతాను.

పద్ధతి ఇది. పేజ్‌మేకర్‌లో కథనాన్ని ఎంచుకుని టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు చాలా ఉన్నాయి. వాటిలో మీ ఫాంట్ కంపెనీ, వెర్షన్ సరిగా ఎంచుకుని మార్చండి. ఇంకా అచ్చుకాని రచన అయితే ఆన్‌లైన్ కన్వర్టర్‌లో పెట్టేముందు రచయితను అడగండి.

మార్చాక ప్రూఫ్ చదవాల్సిందే. నేను ముందుగా చూసేవి ఇవి. క్రారవడి, ఎందుకంటే కొన్ని ఫాంట్లలో అది అక్షరానికి ముందే ఉంటుంది, కన్వర్టర్ దాన్ని పక్క అక్షరానికి అంటగడుతుంది. తర్వాత ఘ, ఝ, మ, య. ఇవి ముక్కలు కలిపి కట్టినవి కాబట్టి ఒకదాని బదులు ఒకటి పడతాయి. బండి ఱ, అరసున్న. తెలుగు మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలు కూడా తెలుగు ముక్కలుగా మారి అర్థంలేని వరసలవుతాయి, వాటిని అచ్చు ప్రతి చూసి కొట్టుకోవాలి. పొల్లు మీద ఆగే మాటల్లో, అంటే "సాఫ్ట్‌వేర్", "డాక్టర్‌గారు" లాంటివాటిలో, పొల్లు తర్వాత విడదీసే గుర్తు పడకపోతే ట కింద వ ఒత్తు, ర కింద గ ఒత్తు చేరి "సాఫ్ట్వేర్", "డాక్టర్గారు" అయిపోతాయి.

మార్చిన పాఠాన్ని మళ్లీ పుస్తకంగా కట్టాలంటే ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ను "వరల్డ్-రెడీ"కి మార్చుకోవాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. డబ్బు పెట్టలేకపోతే స్క్రైబస్ ఉంది, 2024లో వచ్చిన 1.6 వెర్షన్ తెలుగును చక్కగా కూర్చుతుంది. ఫాంట్లకు మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ, తిమ్మన లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి.

పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా ఇన్‌డిజైన్‌లో తెరవొచ్చా?

ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు ఉన్న వెర్షన్లలో పేజ్‌మేకర్ 6 నుంచి 7 వరకు ఉన్న ఫైళ్లు తెరుచుకుంటాయి. పీఎం6, పీ65, పీఎండీ అని చివర ఉండేవి అవే. తెరిచాక పాత ఫాంట్‌లోనే ఉంటుంది, యూనికోడ్ కాదు. పంక్తులు జరుగుతాయి, పేజీ పేజీ సరిచూసుకోవాలి.

అదే ల్యాప్‌టాప్‌లో ట్యాలీ కూడా ఉంది.

ట్యాలీ ఈఆర్‌పీ 9 అయితే పాత ల్యాప్‌టాప్‌లో ఉండగానే లైసెన్సును సరెండర్ చేసి, కొత్తదాంట్లో యాక్టివేట్ చేయండి. డేటా ఫోల్డర్‌కు బ్యాకప్ తీసి రీస్టోర్ చేయండి. సరెండర్‌కు నెట్ ఉంటే పని సులువు.

పాత ల్యాప్‌టాప్ అసలు ఆన్ కావట్లేదు.

బోర్డు పోయినా చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది. అడుగున స్క్రూలు విప్పి డిస్కు బయటికి తీసి, 2.5 అంగుళాల యూఎస్‌బీ కేసులో పెట్టి కొత్తదానికి తగిలించండి. కేసు కొన్ని వందల రూపాయలు. బాగా పాత ల్యాప్‌టాప్ అయితే సాటా కాకుండా ఐడీఈ డిస్కు ఉండొచ్చు, పిన్నులు చూసి తగిన కేసు కొనండి. డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే తీసేయండి. పదేపదే తగిలిస్తే మిగిలింది కూడా పోతుంది, డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.

కొత్త ల్యాప్‌టాప్ ఇంకా కొనలేదు. ఏది చూసుకోవాలి?

ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉన్నదే తీసుకోండి. స్నాప్‌డ్రాగన్ ఉన్న విండోస్ ల్యాప్‌టాపులు బ్యాటరీకి మంచివే కానీ, డాంగిళ్ల పాత డ్రైవర్లు వాటిలో పనిచేయవు, పైన చెప్పిన వర్చువల్‌బాక్స్ దారి కూడా ఎక్స్‌పీకి అందదు. "ఎస్ మోడ్"లో వచ్చిన విండోస్ అయితే స్టోర్‌లో ఉన్నవి తప్ప వేయనివ్వదు. ఎస్ మోడ్ నుంచి బయటికి రావడం ఉచితమే, వెనక్కి వెళ్లడం మాత్రం ఉండదు. విండోస్ 10 ఉన్న వాడిన ల్యాప్‌టాప్ చవకగా వస్తోందని తీసుకోకండి, దానికి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

పాతదాన్ని ఎప్పుడు అమ్మేయొచ్చు?

కొత్తదాంట్లో మూడు పనులు పూర్తయ్యాక. పాత పుస్తకం ఒకటి తెరిచి మొత్తం ప్రింట్ తీసి అచ్చు ప్రతితో పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త పని ఒకటి మొదటి అక్షరం నుంచి ప్లేటు దాకా కొత్తదాంట్లోనే చేయండి. బ్యాకప్ డ్రైవ్ నుంచి ఏదో ఒక ఫైలు తీసి తెరవండి. ఈ మూడూ అయ్యాక కూడా నేనైతే రెండు నెలలు ఆగుతాను, ఎందుకంటే సంవత్సరానికి ఒకసారి వచ్చే పని, ఉగాదికి పంచాంగం లాంటిది, అప్పుడే గుర్తొస్తుంది.

అమ్మేటప్పుడు డిస్కు మీ దగ్గరే ఉంచుకోండి. దాంట్లో మీ పనే కాదు, మీ దగ్గరికి వచ్చినవాళ్ల ఆధార్ కాపీలు, పెళ్లి ఫొటోలు కూడా ఉంటాయి. పాత ల్యాప్‌టాప్‌ను ఇంట్లోనే ఉంచుకుంటే బ్యాటరీ విప్పి చూడండి. ఉబ్బి ఉంటే వాడొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాపులు చాలానే ఉన్నాయి.